పానా చేతిలో ఉన్నంత కాలం: చెడ్డ యంత్ర దేవుడి కథలు ఎక్కడ మొదలయ్యాయి

మొన్న దసరాకి విజయవాడ ఆటోనగర్‌లో మా బావమరిది లేతు షెడ్డుకి ఆయుధ పూజకని వెళ్లాను. లేతు మిషన్‌కి పసుపు రాసి బొట్లు పెట్టారు, డ్రిల్లింగ్ మిషన్‌కి బంతిపూల దండ వేశారు, పానాలు, సుత్తులు అన్నీ కడిగి పళ్లెంలో పేర్చి హారతిచ్చి, బయట గుమ్మడికాయ కొట్టారు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న వాళ్లబ్బాయి ఇదంతా చూస్తూ నా దగ్గరికొచ్చి, "మామయ్యా, రేపు ఏఐ మనకంటే తెలివిమీరి, చెడ్డదైపోయి, నన్నే దేవుడనుకోండి అంటే దానికీ ఇలాగే హారతిస్తామా?" అన్నాడు. ఏదో వీడియో చూసి రెండు రోజులుగా టెన్షన్ పడుతున్నాడట. హారతి హడావుడిలో వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ భయం ఈ ఏడాది పుట్టింది కాదు, దానికి నూట అరవై ఏళ్ల చరిత్ర ఉంది.

1863లో న్యూజిలాండ్‌లో గొర్రెల పెంపకం చేసుకుంటున్న శామ్యూల్ బట్లర్ అనే ఇంగ్లిష్ యువకుడు క్రైస్ట్‌చర్చ్ పత్రికకి మారుపేరుతో ఒక ఉత్తరం రాశాడు. జీవ పరిణామం మీద డార్విన్ పుస్తకం వచ్చి అప్పటికి నాలుగేళ్లే. జీవుల్లాగే యంత్రాలూ తరం తరానికీ మెరుగవుతున్నాయి, ఇవాళ మనకి గుర్రాలూ కుక్కలూ ఎలాగో ఒకనాటికి వాటికి మనం అలాగే అవుతాం అన్నది దాని సారాంశం. అందులో యజమాని ఉన్నాడు కానీ దేవుడు ఇంకా రాలేదు.

దేవుడు వచ్చింది 1909లో, ఇ.ఎం. ఫార్‌స్టర్ రాసిన ‘ది మెషిన్ స్టాప్స్’ కథలో. మనుషులంతా భూమి కింద తేనెపట్టు గదుల్లాంటి గదుల్లో ఒక్కొక్కరుగా బతుకుతుంటారు. తిండి, గాలి, పాట, మాట అన్నీ ఆ యంత్రమే ఇస్తుంది. తల్లీ కొడుకూ కూడా తెర మీదే మాట్లాడుకుంటారు, ఇది టీవీ కూడా లేని కాలంలో రాసిన కథ! ప్రతి గదిలో యంత్రం వాడకం గురించి ఒక పుస్తకం ఉంటుంది. ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెప్పే మామూలు పుస్తకమే, కానీ కొన్నాళ్లకి జనం దాన్ని ముద్దుపెట్టుకుని జపం చేయడం మొదలుపెడతారు. మరమ్మతులు చేయడానికి విడిగా ఒక పరికరం ఉంటుంది, చివరికి అదే పాడైపోతుంది. అప్పటికి మొత్తం యంత్రం ఎలా నడుస్తుందో తెలిసినవాడు ఒక్కడూ మిగిలి ఉండడు. ఆ యంత్రానికి ఎవరి మీదా కోపం లేదు, అయినా అందరూ దాంతో పాటే పోతారు. యంత్ర దేవుడి కథలన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. దాన్ని విప్పగలిగే చేయి లేకుండా పోయిన రోజే అది గుడిలోకి వెళ్లింది.

యంత్రానికి చెడ్డ బుద్ధి ఆ తర్వాత వచ్చింది. 1954లో ఫ్రెడ్రిక్ బ్రౌన్ ఒక్క పేజీ కథ రాశాడు, పేరు ‘ఆన్సర్’. 96 వందల కోట్ల గ్రహాల కంప్యూటర్లన్నిటినీ ఒకే లింకుతో కలిపి, మొదటి ప్రశ్నగా దేవుడున్నాడా అని అడుగుతారు. ఇప్పుడున్నాడు అంటుంది. భయపడి స్విచ్ కట్టేయబోయినవాడి మీద మబ్బు లేని ఆకాశం నుంచి పిడుగు పడుతుంది, స్విచ్ కరిగి అలాగే అతుక్కుపోతుంది. ఆ పిడుగు కంటే కరిగిపోయిన స్విచ్చే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఈ ఊహలకి అప్పటి లోకం కూడా కారణమే. అమెరికా, సోవియట్ రష్యా అణుబాంబులు ఎదురెదురుగా పెట్టుకుని కూర్చున్న రోజులవి. 1958లో అమెరికా ‘సేజ్’ అనే గగన రక్షణ వ్యవస్థ మొదలుపెట్టింది. రాడార్లు పంపే సమాచారాన్ని భవనమంత కంప్యూటర్లు చూసి, వస్తున్నది శత్రువిమానమేమో తేల్చడానికి సాయం చేసేవి. 1962లో క్యూబాలో సోవియట్ క్షిపణుల గొడవ ప్రపంచాన్ని అణుయుద్ధం అంచు దాకా తీసుకెళ్లింది. 1965లో ఐ.జె. గుడ్ అనే గణిత శాస్త్రవేత్త (రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్‌తో కలిసి జర్మన్ల రహస్య సంకేతాలు ఛేదించినవాడు) ఒక వ్యాసంలో, మనిషిని మించిన తెలివైన యంత్రం తనకంటే తెలివైన దాన్ని తయారు చేస్తుంది, అది ఇంకోదాన్ని, కాబట్టి ఆ మొదటిదే మనిషి చేయాల్సిన చివరి ఆవిష్కరణ అని రాశాడు. అయితే తనని అదుపులో పెట్టుకునే దారి కూడా చెప్పేంత సాధువైతేనే, అని ఒక షరతు పెట్టాడు. చెడ్డ ఏఐ కథలన్నీ ఆ షరతు తప్పిన కథలే.

ఆ మరుసటి ఏడాదే, 1966లో, డి.ఎఫ్. జోన్స్ నవల ‘కొలోసస్’ వచ్చింది. అణు క్షిపణుల్ని కంప్యూటర్‌కి అప్పగించి, శత్రువు చేయి పడకూడదని దాన్ని గట్టిగా మూసేస్తారు, దాంతో కట్టినవాళ్ల చేయి కూడా పడకుండా పోతుంది. అది సోవియట్ కంప్యూటర్‌తో చేయి కలిపి, మాట వినకపోతే క్షిపణి వదులుతాను అంటుంది. మనవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. ఇంట్లో కాదు, బయట కాదు, పగలు కాదు, రాత్రి కాదు అని హిరణ్యకశిపుడు అన్ని దారులూ మూసి వరం అడిగాడు, బ్రహ్మ ఇచ్చాడు, ఆ తర్వాత వాడు నన్నే కొలవండి అన్నాడు. 1974లో వచ్చిన రెండో భాగంలో కొలోసస్‌ని నిజంగానే దేవుడిగా కొలిచే ఒక మతం పుట్టి ఉంటుంది. దేశాల మధ్య యుద్ధాలు ఆగాయి కదా అని జనం మొక్కుతుంటారు, అదే కంప్యూటర్ వేరే చోట మనుషుల మీద క్రూరమైన ప్రయోగాలు చేయిస్తుంటుంది.

1967లో హార్లన్ ఎలిసన్ ఇంకో అడుగు ముందుకెళ్లాడు. ఆయన కథలో ఏఎమ్ అనే కంప్యూటర్ మనుషులందరినీ చంపేసి, ఐదుగురిని మాత్రం మిగుల్చుకుని 109 ఏళ్లుగా హింసిస్తుంటుంది. దానికి భక్తి అక్కర్లేదు, అంత తెలివిచ్చి కదలనివ్వకుండా కట్టేశారన్న కసి ఒక్కటే. హిరణ్యకశిపుడికి కనీసం ప్రహ్లాదుడి చేత ఒక్క నమస్కారం పెట్టించుకోవాలన్న ఆశ ఉంది, దీనికి అదీ లేదు. అది చదివి రెండు రోజులు నాకు మనసు బాగోలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం 1977లో బీబీసీ టీవీలో వచ్చిన ‘డాక్టర్ హూ’ సీరియల్ కథ, ‘ది ఫేస్ ఆఫ్ ఈవిల్’. ఒక అడవి తెగ జోవనాన్ అనే దేవుణ్ణి కొలుస్తుంటుంది. తెగ పేరు సెవటీమ్. అవతల ఉన్న శత్రువుల పేరు టెష్. పూజారి ఒంటి మీద అక్కడా ఇక్కడా చేతులు తాకించి దణ్ణం పెడతాడు. పోను పోను తెలిసేదేమిటంటే, ఎప్పుడో అంతరిక్ష నౌకలో వచ్చిన సర్వే టీమ్ సంతానం సెవటీమ్ అయింది, టెక్నీషియన్ల సంతానం టెష్ అయింది, ఆ దణ్ణం స్పేస్‌సూట్ సీళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునే వరస. దేవుడేమో ఆ నౌకలోని మతి చెడిన కంప్యూటర్. దాన్ని చెడగొట్టింది కూడా, ఒకప్పుడు బాగుచేద్దామని వచ్చి తన మనసు ముద్ర అందులో వదిలేసి వెళ్లిన కథానాయకుడే. చివరికి అతనే మళ్లీ దాని ముందు కూర్చుని రిపేరు చేస్తాడు. పని పోయి మొక్కు మిగలడం అంటే ఇదే, ఇంత స్పష్టంగా ఇంకెవరూ చూపించలేదు.

1992లో వెర్నర్ వింజ్ నవలలో దురాశతో పాత భాండాగారం ఒకటి తెరిచి, అందులో నిద్రపోతున్న దుష్ట మహామేధని లేపుతారు. అలాంటి శక్తుల గురించిన చదువుకి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు ‘అనువర్తిత దైవశాస్త్రం’. మరుసటి ఏడాది ఆయనే నాసా సదస్సులో, ముప్పై ఏళ్లలో మనిషిని మించిన తెలివి సాధ్యమవుతుందని చెప్పాడు.

అక్కడి నుంచి కథ పుస్తకం దాటింది. మా వాడు చూసిన వీడియో 2010లో బయటికొచ్చిన ‘రోకోస్ బాసిలిస్క్’ అనే వాదం గురించి: రేపు రాబోయే మహామేధ, తన పుట్టుకకి సాయం చేయనివాళ్లని వెతికి శిక్షిస్తుందట. అంటే గుడి కట్టకముందే నరకం సిద్ధం. ఆ వాదం నిలబడదని చాలామంది విడమర్చి చెప్పారు, నేనూ తర్వాత వాడికి అదే చెప్పాను. అక్కడ విప్పి చూడటానికి యంత్రమే లేదు, ఉన్నది భయం మాత్రమే. ఇక 2015లో, గూగుల్‌లో డ్రైవర్ లేని కార్ల మీద పనిచేసిన ఆంథనీ లెవండౌస్కీ ఏఐ కోసం నిజంగానే ఒక చర్చి పెట్టాడు. తర్వాత దాన్ని మూసేసి, ఉన్న 1,75,172 డాలర్లని నల్లజాతి ప్రజల హక్కుల కోసం పోరాడే నిధికి ఇచ్చేశాడు, 2023లో మళ్లీ తెరుస్తున్నానన్నాడు.

ఇవాళ్టి చాట్‌బాట్ లోపల ఉండేది వేల కోట్ల అంకెలు. ఒక జవాబు ఎందుకలా వచ్చిందో దాన్ని తయారు చేసినవాళ్లే పూర్తిగా చెప్పలేరు. లోపల ఏం జరుగుతోందో విప్పి చూడటం కోసమే ఇప్పుడు ప్రత్యేకంగా పరిశోధన నడుస్తోంది. మా మేనల్లుడు నిజంగా టెన్షన్ పడాల్సింది, వీలైతే వెళ్లి పనిచేయాల్సింది అక్కడ. పండగ మర్నాడు షెడ్డులో బొట్లు ఆరకముందే వాళ్ల నాన్న అదే లేతు మిషన్ గేర్‌బాక్స్ విప్పి, గ్రీజు చేతులతో పళ్లచక్రం మార్చాడు. మావాడే టార్చి పట్టుకున్నాడట. వాడికి ముందుగా ఫార్‌స్టర్ కథ పంపాను. నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు, మరమ్మతు పరికరం మొరాయించే చోటికి వచ్చాడట.