ప్రేమ, పొసెసివ్‌నెస్, పాస్‌వర్డ్: కాలేజీ క్లాసుల్లో నేను వినే అపోహలు - వాస్తవాలు

ఇంటర్, డిగ్రీ పిల్లలకి రిలేషన్‌షిప్స్ గురించి, అందులో వచ్చే హింస గురించి క్లాసులు చెప్పడం నా పని. ఊరు మారినా కాలేజీ మారినా కొన్ని మాటలు మాత్రం మారవు, పిల్లల నోట అవే, పేరెంట్స్ నోట అవే, ఒక్కోసారి లెక్చరర్ల నోట కూడా అవే.

అపోహ: ఇవన్నీ చెప్తే పిల్లలకి లేనిపోని ఆలోచనలు వస్తాయి.

ఆలోచనలు ఎప్పుడో వచ్చేశాయండి. మనం చెప్పకపోతే రీల్స్ చెప్తాయి, సినిమాలు చెప్తాయి, హాస్టల్లో సీనియర్లు చెప్తారు. మేం లవ్ చెయ్యమనీ చెప్పం, వద్దనీ చెప్పం. ఎదుటి మనిషి నీతో ఎలా ఉండాలి, నువ్వు వాళ్లతో ఎలా ఉండకూడదు, అంతే. రేపు పెద్దలు కుదిర్చిన పెళ్లికైనా అదే పనికొస్తుంది.

అపోహ: ప్రేమ ఉంటేనే పొసెసివ్‌గా ఉంటారు.

నాకు సగం క్లాసు దీనికే పోతుంది. ఒక వరసలో మాటలు చదువుతా: "ఇంటికెళ్లాక మెసేజ్ పెట్టు." "లాస్ట్ సీన్ రాత్రి రెండింటికి చూపిస్తోంది, ఎవరితో మాట్లాడావ్?" "ఆ డీపీ తీసెయ్." "లొకేషన్ ఆన్‌లో ఉంచు." "ఇన్‌స్టా పాస్‌వర్డ్ ఇవ్వు, దాచేదేం లేకపోతే భయమెందుకు?" "ఆ ఫ్రెండ్‌తో కట్ చేసెయ్." ఇబ్బందిగా అనిపించిన చోట చెయ్యెత్తండి అంటా. చాలామంది పాస్‌వర్డ్ దాకా ఎత్తరు, కొందరు చివరిదాకా ఎత్తరు. మొదటి మాటలో నిజంగానే తప్పేం లేదు, అందుకే ఎక్కడ దారి తప్పిందో దొరకదు. నేను గమనించమనేది ఒక్కటే, నువ్వు కుదరదు అన్నప్పుడు ఏం జరుగుతోంది? "సరేలే" అని వదిలేస్తే గొడవ లేదు. రోజుల తరబడి మాట్లాడకపోవడం, గోడకేసి గుద్దడం, చెయ్యి కోసుకుంటా అనడం మొదలైతే మాత్రం అది కంట్రోల్. చెయ్యి కోసుకుంటా అన్న మాటని తేలిగ్గా తీసుకోమని కాదు, వెంటనే వాళ్లింట్లో చెప్పండి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి, కానీ ఆ భయంతో నువ్వు అక్కడే ఉండిపోవాల్సిన పనిలేదు.

అపోహ: చెయ్యి చేసుకుంటేనే హింస.

2005 గృహహింస చట్టమే తిట్టడం, అవమానించడం, డబ్బు చేతికి ఇవ్వకపోవడం కూడా హింసే అంటోంది. ఇక్కడ ఇంకో విషయం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చెప్పకుండా బయటికెళ్లడం, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటి కారణాల్లో ఏదో ఒకదానికి మొగుడు కొట్టడం సబబే అన్న ఆడవాళ్లు తెలంగాణలో, ఆంధ్రాలో దాదాపు 84 శాతం. ఆ ఇళ్లలో పెరిగిన పిల్లలే మా క్లాసులో కూర్చుంటారు, మరి దెబ్బే తప్పు కాదనుకునే చోట పాస్‌వర్డ్ అడగడం తప్పని ఎలా తోస్తుంది చెప్పండి.

అపోహ: కాదంటే వదలకుండా వెంటపడాలి, ఎప్పటికైనా ఒప్పుకుంటుంది.

ఇష్టం లేదని స్పష్టంగా తెలిశాక కూడా అమ్మాయి వెంటపడటం, పదేపదే మెసేజ్‌లు పెట్టడం, ఆన్‌లైన్‌లో నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 78 కింద నేరం, మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు. కానీ సెక్షన్ చెప్తే అబ్బాయిలు మారరు. "ఫ్రెండ్స్ ముందు పరువు పోతుంది మేడం" అంటారు, అసలు సంగతి అది. అందుకే నేను ఆ ఫ్రెండ్స్‌తోనే ఎక్కువ మాట్లాడతా. "వదలకురా" అని ఎక్కించేవాడు "పోన్లేరా, పద టీ తాగుదాం" అనడం నేర్చుకుంటే సగం గొడవలు అక్కడే ఆగుతాయి. అన్నట్టు అబ్బాయిలు కూడా ఇలాంటి కంట్రోల్‌లో నలుగుతుంటారు, వాళ్లు చెప్పినప్పుడు నవ్వకండి.

అపోహ: అంత కష్టంగా ఉంటే ఎప్పుడో వదిలేసేది కదా.

వదిలేస్తే వాడు ఇంట్లో చెప్తాడు, ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారు. ఎంతమంది అమ్మాయిలు ఇదే మాట చెప్పారో. "మీ నాన్నకి ఫోటోలు పంపిస్తా" అన్న బెదిరింపు పనిచేసేది నాన్న ఏం చేస్తాడో అన్న భయం వల్లే. అమ్మానాన్నలకి నేను చెప్పేది ఇదే, పిల్ల నోరు విప్పిన రోజు మొదటి ప్రశ్న "ఎవడు వాడు, ఎన్నాళ్ల నుంచి" అని కాకుండా "ఇప్పుడు నీకు ప్రమాదం ఏమైనా ఉందా" అని అడగండి. కాలేజీ మాన్పించకండి. విడిపోయే టైమే ఎక్కువ ప్రమాదం కాబట్టి "చివరిసారి ఒక్కసారి కలుద్దాం" అంటే ఒంటరిగా అస్సలు పంపకండి.

అపోహ: ఫోటో తనే పంపింది కాబట్టి కేసు నిలబడదు.

నిలబడుతుంది. ఫోటో తీయడానికి ఒప్పుకున్నా ఇంకొకరికి పంపడానికి ఒప్పుకోకపోతే, అలా పంపడం న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరమే. కోపంతో ఫోన్ పగలగొట్టకండి, చాట్ డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా కంప్లైంట్ పెట్టొచ్చు. ఫోటో పాకకుండా ఆపడానికి 18 దాటినవాళ్లకి స్టాప్ ఎన్‌సీఐఐ, చిన్నవాళ్లకి టేక్ ఇట్ డౌన్ అనే సైట్లున్నాయి, అక్కడ మీ ఫోటో ఫోన్ దాటి బయటికి పోదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. మాట్లాడే మనిషి కావాలంటే ఆడవాళ్లకి 181, పిల్లలకి 1098, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. తెలంగాణలో అయితే ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్‌కి వాట్సాప్‌లో చెప్పినా చాలు.