లోన్ యాప్ పెట్టాలంటే ఏ లైసెన్స్ కావాలి? అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర మా ఆఫీసు. కంపెనీల రిజిస్ట్రేషన్లు, ఫైనాన్స్ లైసెన్సుల కాగితాలు చూడటం నా పని. మొన్న మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు ఓనరు కొడుకు వచ్చి, ప్లాస్టిక్ ఫోల్డర్ టేబుల్ మీద పెట్టాడు. కంపెనీ సర్టిఫికెట్, జీఎస్టీ, ఉద్యం (చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్) అన్నీ ఉన్నాయి. "సార్, యాప్ రెడీ. సోమవారం నుంచి అప్పులిద్దామా?"

అపోహ: కంపెనీ, జీఎస్టీ ఉంటే చాలు.

ఆ ఫోల్డర్‌లో అప్పులిచ్చే అనుమతి ఒక్కటీ లేదు. నిజానికి 'డిజిటల్ లెండింగ్ లైసెన్స్' అని విడిగా ఏదీ ఉండదు. అప్పిచ్చే డబ్బు ఎవరిదో చూడాలి. మీ కంపెనీ డబ్బే అయితే ఆర్‌బీఐ చట్టం 45-ఐఏ సెక్షన్ కింద ఎన్‌బీఎఫ్‌సీగా, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీగా రిజిస్టర్ కావాలి. కొత్తవాళ్లకు కనీసం 10 కోట్ల సొంత నిధి ఉండాలి. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కైతే ఆ రిజిస్ట్రేషన్ ఇవ్వరు. మన దగ్గర ఫైనాన్సులు ఎక్కువగా పార్ట్‌నర్‌షిప్‌లే కాబట్టి చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

అపోహ: తాత పేరు మీదున్న మిత్తి వ్యాపారం లైసెన్స్ వాడుకోవచ్చు.

అది రాష్ట్ర చట్టం కింద ఇచ్చేది, ఆర్‌బీఐ రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. పైగా ఎన్‌బీఎఫ్‌సీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: ఎన్‌బీఎఫ్‌సీతో అగ్రిమెంట్ చేసుకుంటే డబ్బు మన ఖాతా నుంచే తిప్పొచ్చు.

డబ్బు ఎన్‌బీఎఫ్‌సీది, యాప్ మీది అనే అగ్రిమెంట్ దారి మంచిదే, చిన్నవాళ్లకు నేను చెప్పేదీ అదే. కానీ అప్పు నేరుగా తీసుకున్నవాళ్ల ఖాతాలో పడాలి, కిస్తీ నేరుగా ఎన్‌బీఎఫ్‌సీ ఖాతాకు చేరాలి. మధ్యలో మీ ఖాతా ఉండకూడదు. "మునిగితే మొత్తం మేమే కడతాం" అని హామీ ఇవ్వడమూ కుదరదు. ఇచ్చిన అప్పుల్లో 5 శాతం వరకే హామీ ఇవ్వొచ్చు. అది కూడా నగదు డిపాజిట్, ఎఫ్‌డీ, బ్యాంకు గ్యారంటీ రూపంలోనే.

అపోహ: ఆర్‌బీఐ సైట్‌లోని లోన్ యాప్‌ల జాబితాలో పేరుంటే యాప్‌కు ఆమోదం వచ్చినట్టే.

కాదు. 2025 జులై నుంచి వస్తున్న ఆ జాబితాలోని వివరాలు బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు ఇచ్చినవే. ఆర్‌బీఐ వాటిని ఉన్నవి ఉన్నట్టే పెడుతుంది.

ఇంత చెప్పాక ఆ యాప్ నా ఫోన్‌లో వేసి చూశాను. మొదటి స్క్రీన్‌లోనే కాంటాక్ట్స్, గ్యాలరీ అడిగింది. కేవైసీ కోసం కెమెరా, లొకేషన్ ఒక్కసారి అడగొచ్చు, అదీ ఒప్పుకుంటేనే. కాంటాక్ట్స్, గ్యాలరీ మాత్రం అసలే అడగకూడదు. అవి తీసేయించుకొని మళ్లీ రమ్మన్నాను.