బైపోలార్ చికిత్సలో రోగి మాటకు విలువ ఎలా వచ్చింది?

విపరీతమైన హుషారు, తీవ్రమైన కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బు బైపోలార్ డిజార్డర్. దానితో బతుకుతున్నవారికి చాలామంది డాక్టర్లు ఇప్పుడు మందులతో పాటు ఒక పని కూడా చెబుతున్నారు. ఎన్ని గంటలు నిద్రపోయారో, మూడ్ ఎలా ఉందో రోజూ రాసుకోవాలి, తేడా కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి. చిన్న సలహాలాగే ఉంటుంది కానీ, రోగిని ఈమాత్రం నమ్మడానికి వైద్యరంగానికి నూరేళ్లకు పైగానే పట్టింది.

విపరీతమైన హుషారు, తీవ్రమైన కుంగుబాటు ఒకే జబ్బుకు రెండు ముఖాలని 1854లో పారిస్‌లో ఫాల్రే, బైయార్జే అనే డాక్టర్లు ఎవరికి వారుగా వివరించారు. 1899లో జర్మనీకి చెందిన మానసిక వైద్యుడు క్రేపెలిన్ దాన్ని మానిక్ డిప్రెసివ్ జబ్బు అన్నారు. నేటి బైపోలార్‌కు అది పాత పేరు. రోగుల జబ్బు ఏ ఏడాది ఎలా నడిచిందో ఆయన చార్టులు గీశారు. వాటిని గీసింది డాక్టరే, రోగి కాదు.

లిథియం అనే మందు వచ్చాక ఈ పద్ధతి కొనసాగడం కుదరలేదు. మేనియాలో, అంటే విపరీతమైన హుషారు దశలో, అది పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ రాశారు. తర్వాత డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ దాన్ని పకడ్బందీగా పరీక్షించారు. 1970లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఈ మందు రక్తంలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, 1.5 దాటితే విషమయ్యే ప్రమాదం ఉంది. విరేచనాలు పట్టుకున్నా, ఒంట్లో నీరు తగ్గినా, ఉప్పు ఒక్కసారిగా మానేసినా, కొన్ని నొప్పి మాత్రలు వేసుకున్నా రక్తంలో దాని స్థాయి పెరిగిపోతుంది. ఇవన్నీ డాక్టరు ఇంటికొచ్చి కనిపెట్టగలిగేవి కావు. నా దృష్టిలో స్వీయ నిర్వహణకు, అంటే రోగి తన జబ్బును తానే గమనించుకుని చూసుకోవడానికి, అసలు పునాది పడింది ఇక్కడే.

మందు మానేయడం ఇంకో సమస్య. చేతుల వణుకు, బరువు పెరగడం, ఎడతెగని దాహం భరించలేక కొందరు మానేస్తారు. బాగానే ఉన్నాం కదా అని మరికొందరు ఆపేస్తారు. మాట వినరని కోప్పడినంత మాత్రాన వీళ్లెవరూ మళ్లీ మందు మొదలుపెట్టరు. 1983లో బ్రిటన్‌లో రోగులకు, కుటుంబాలకు సొంత సంఘం ఏర్పడింది, అదే నేటి బైపోలార్ యూకే. అమెరికాలో మానసిక వైద్యుడు రాబర్ట్ పోస్ట్ బృందం క్రేపెలిన్ చార్టును తిరగరాసి రోగుల చేతికిచ్చింది.

అసలు మలుపు 1999లో బ్రిటన్‌లోని మాంచెస్టర్ నుంచి వచ్చిన అధ్యయనం. 69 మంది రోగుల్లో కొందరికి జబ్బు తిరగబెట్టే ముందు తమలో కనిపించే గుర్తులేమిటో పట్టుకోవడం, వెంటనే చికిత్స అందుకోవడం నేర్పారు. మామూలు చికిత్సలో ఉన్నవారిలో నాలుగో వంతు మందికి 17 వారాల్లోనే మేనియా తిరగబెట్టింది. నేర్చుకున్నవారిలో అంతమందికి తిరగబెట్టడానికి 65 వారాలు పట్టింది. డిప్రెషన్ విషయంలో మాత్రం ఫలితం కనిపించలేదు. అది మెల్లగా కమ్ముకుంటుంది, దాని గుర్తులు పట్టుకోవడమే కష్టం.

ఆ గుర్తులు మనిషిమనిషికీ వేరు. ఒకరు నాలుగు గంటలే పడుకుని కూడా అలసట లేకుండా లేస్తారు. మరొకరు అర్ధరాత్రి వరసగా అందరికీ ఫోన్లు చేస్తారు, కొత్త పనులు మొదలుపెడతారు, మాట వేగం పెరుగుతుంది. మేనియా ముదిరాక తనకు జబ్బు ఉందని ఒప్పుకోవడమే కష్టం కాబట్టి, బాగున్న రోజుల్లోనే అన్నీ కాగితం మీద పెట్టుకోవాలి: ఏ గుర్తు కనిపిస్తే ఎవరికి చెప్పాలి, ఏ మందు మోతాదు మార్చడానికి డాక్టరు ముందే ఒప్పుకున్నారు, చనిపోవాలనిపిస్తే ఆ క్షణంలో ఎవరిని పిలవాలి, డబ్బు విషయం ఎవరు చూసుకోవాలి.

2003లో బార్సిలోనా బృందం 120 మందితో చేసిన పరీక్ష దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. మందులు వాడుతూ స్థిమితంగా ఉన్నవారికి 21 తరగతుల్లో బృందంగా జబ్బు గురించి నేర్పితే, మేనియాతో పాటు డిప్రెషన్ తిరగబెట్టడం కూడా తగ్గింది.

అయితే గుర్తు పట్టిన రోగి ఫోన్ చేస్తే, అపాయింట్‌మెంట్ ఆరు వారాల తర్వాత అంటే ఆ కాగితం దేనికి? 2006లో అమెరికా మాజీ సైనికులు 306 మందితో ప్రచురించిన అధ్యయనం ఈ లోటునే పూడ్చింది. రోగులకు నేర్పడంతో పాటు, అపాయింట్‌మెంట్ల మధ్యలో కూడా అందుబాటులో ఉండే నర్సును పెట్టారు. మూడేళ్లలో మేనియాలో గడిచిన వారాలు తగ్గాయి, రోజువారీ జీవితం మెరుగుపడింది.