ఇల్లు ఖాళీ చేస్తే ఆ చప్పుడు పోతుందా?

"సార్, రాత్రి పదింటికి మా ఆయన బండి సప్పుడు ఇనిపిస్తది. గేటు తీసిన సప్పుడు గూడ. ఇల్లు ఖాళీ చేస్తే పోతదా?"

ఆయన పోయి నెలన్నర. సైకియాట్రిస్టుగా నాకు ఈ ప్రశ్న ఎదురవడం ఈ నెలలో ఇది మూడోసారి. ఈమె అప్పటికే ఇంకో ఇంటికి అడ్వాన్సు కూడా ఇచ్చేసింది.

అపోహ: పోయినవాళ్ల అలికిడి వినిపిస్తే ఇంట్లో ఏదో ఉన్నట్టు, లేదంటే మనిషికి పిచ్చి పట్టినట్టు.

వాస్తవం: రెండూ కావు. 1971లో రీస్ అనే డాక్టరు వేల్స్‌లో భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని, పోయినవాళ్ల అలికిడి తెలిసిందా అని అడిగితే, దాదాపు సగం మంది అవునన్నారు. పక్కనే ఉన్నట్టుందని కొందరు, కనిపించారని, మాట వినిపించిందని ఇంకొందరు. చాలామంది అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఏళ్ల తరబడి ఆ బండి కోసం చూసిన చెవి, కర్మకాండ అయిపోగానే చూడటం మానేస్తుందా?

పీజీ రోజుల్లో హాస్టల్లో 'ది ఛేంజ్‌లింగ్' అనే దెయ్యం సినిమా చూశాం. 1980 నాటిది, పీటర్ మెడాక్ తీశాడు. హీరో ఫోన్ బూత్‌లో ఉండగా కళ్లముందే భార్యా కూతురూ ప్రమాదంలో పోతారు. న్యూయార్క్ వదిలి సియాటిల్‌లో ఓ పాత బంగళా అద్దెకు తీసుకుంటాడు. కూతురి బంతిని వంతెన మీంచి నీళ్లలోకి విసిరేసి ఇంటికొస్తే, అదే బంతి తడిగా మెట్లు దిగి వస్తుంది. ఆ ఇంట్లో ఓ పిల్లాడి ఆత్మ ఉంది, కాదనను. కానీ బంతి ఆ ఇంటిది కాదు. ఆయనే వెంట తెచ్చుకున్నాడు.

మా నాన్న పోయాక మేమూ అదే పని చేశాం. పొద్దున్నే పెరట్లో ఆయన గొంతు సవరించుకున్నట్టు వినిపిస్తోందని అమ్మ హడలిపోతే, మలక్‌పేట ఇల్లు వదిలి కూకట్‌పల్లి వెళ్లాం. రెండో వారంలో అక్కడా వినిపించింది. నాన్న ఆ ఇంటి గడప కూడా తొక్కి ఎరగడు. పోయినవి మాత్రం అమ్మకు పాతికేళ్ల ఇరుగుపొరుగు.

ధనిష్ఠా పంచకంలో పోయారని ఇల్లు మూస్తారా, మీ నమ్మకం మీది. కానీ ఏడుస్తున్న మనిషిని తెలిసిన వీధి నుంచి పెకలించి, ఎవరూ తెలియని అపార్ట్‌మెంట్ పదో అంతస్తులో కూర్చోబెట్టకండి.

మిగతావి చకచకా. దెయ్యం సినిమా చూస్తే దెయ్యం పట్టదు. సైకియాట్రిస్టు దగ్గరికెళ్తే ఎర్రగడ్డలో పడేయరు. మందులు అందరికీ అక్కర్లేదు. అయితే ఆ గొంతు "నువ్వూ వచ్చెయ్" అంటున్నా, తిండీ నిద్రా పూర్తిగా పోయినా ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆమె మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చింది. ఇల్లు మారలేదు, అడ్వాన్సు తిరిగి రాలేదు. ఇంకా వినిపిస్తోందా అని అడిగాను.

"ఇనిపిస్తది సార్. లేసి పోయి గేటుకు తాళమేసొచ్చి పండుకుంటున్న."