మామిడికాయ చెప్పిన హెల్మెట్ లెక్క

మే నెలలో మా మేనల్లుడు చెన్నై నుంచి మహారాష్ట్రలోని మా బల్లార్షాకు వచ్చాడు. మంచినీళ్ల గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే అడిగాడు: "మామా, వచ్చే నెల ట్రాక్ మీద కారు నడపబోతున్నా. హెల్మెట్ తప్పనిసరి అన్నారు. బైకుది ఉంది కదా, అది సరిపోదా?"

చెన్నై అవతల శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి రేస్ ట్రాక్ ఉంది. పోటీలు లేని కొన్ని రోజుల్లో మామూలు మనుషులు కూడా డబ్బు కట్టి సొంత కారుతో అక్కడ తిరిగి రావచ్చు. మావాడి కోరిక అదీ. సరిపోదురా అన్నాను. ఎందుకో చెప్పడానికి గంటన్నర పట్టింది. అందులో ఎక్కువ భాగం మామిడికాయల గురించే మాట్లాడాను.

రాజురా వైపు తోటల్లో కాయ దింపడం చూసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఒకరు చెట్టెక్కి కాయ తెంపి వదులుతారు. కింద ఇద్దరు గోనెపట్టా మూలలు పట్టుకుని నిలబడతారు. కాయ పట్టాలో పడుతుంది, పట్టా జానెడు కిందికి దిగుతుంది, కాయ ఆగుతుంది. గురి తప్పి నేల మీద పడ్డ కాయను మాత్రం వేరే బుట్టలో వేస్తారు, మాగేసే కాయల్లో కలపరు. పైకి దానికేమీ కాలేదు, తొక్క మీద గీత కూడా ఉండదు. నాలుగు రోజులు పోయాక కోస్తే లోపల టెంక పక్కన గుజ్జు నల్లబడి ఉంటుంది.

తలకు తగిలే దెబ్బ సరిగ్గా ఇలాంటిదే. దీనికి ఒక చిన్న లెక్క ఉంది, నాకు ప్రాణం. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించండి. కాయ 3 మీటర్ల ఎత్తు నుంచి పడి, పట్టాలో 20 సెంటీమీటర్లు దిగి ఆగిందనుకోండి. 300ని 20తో భాగిస్తే 15. అంటే ఆగేటప్పుడు కాయ మీద దాని బరువుకు సుమారు 15 రెట్ల బలం పడింది. దీన్నే 15 జీ అంటారు. అదే కాయ గట్టి నేల మీద పడి 3 మిల్లీమీటర్లు నొక్కుకుని ఆగితే 1000 జీ. ఎత్తు అదే, కాయ అదే, మారింది ఆగిన దూరం ఒక్కటే.

బడిలో మేం ఇదే సూత్రాన్ని క్రికెట్ బంతితో చెబుతాం. బంతి పట్టేవాడు చేతులు వెనక్కి లాగితే ఆగే సమయం పెరుగుతుంది, బలం తగ్గుతుంది అని. తప్పేమీ లేదు. కానీ సెకనులో వందో వంతును పిల్లవాడు ఎలా ఊహించుకుంటాడు? జానెడు, బెత్తెడు, గోరుమందం అంటే వెంటనే అందుకుంటాడు. అందుకే నేను సమయం పక్కన పెట్టి దూరంతోనే చెబుతాను.

ఇప్పుడు కాయ స్థానంలో తలను పెట్టండి. పెద్దవాళ్ల తల బరువు సుమారు 5 కిలోలు. 3 మీటర్ల ఎత్తు నుంచి పడితే నేలను తాకే వేగం గంటకు 28 కిలోమీటర్లు. సిమెంటు నేల ఒక్క మిల్లీమీటరు కూడా లోపలికి పోదు. చర్మమూ పుర్రే కలిసి ఇచ్చే చోటు కొన్ని మిల్లీమీటర్లే. మధ్యలో నొక్కుకుపోయే పొర ఒకటి ఉండి, అది రెండున్నర సెంటీమీటర్లు ఇస్తే లెక్క 120 జీకి దిగుతుంది. ఇది సగటు, ఒక్క క్షణం పైకి ఎగబాకే శిఖరం ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. యూరప్ బైకు హెల్మెట్ల పరీక్షలో, ఇంచుమించు ఇదే వేగం దగ్గర, ఆ శిఖరం 275 జీ దాటకూడదు. కాబట్టి హెల్మెట్ కొనడం అంటే ఆ రెండున్నర సెంటీమీటర్లు కొనుక్కోవడమే. రంగు, గాలి రంధ్రాలు, పైన బొమ్మలు అన్నీ దాని తర్వాత.

మా నాన్న బొగ్గుబాయిలో పనిచేశాడు. ఆయన టోపీ లోపల నాలుగు పట్టీలు అడ్డంగా ఉండేవి. తలకూ టోపీ గుల్లకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ. పైకప్పు నుంచి రాయి పడితే గుల్ల కిందికి వస్తుంది, పట్టీలు సాగుతాయి, ఆ రెండు వేళ్ల దూరంలో రాయి ఆగుతుంది. అది తల మీద కట్టుకున్న గోనెపట్టా. కానీ పక్కనుంచి దెబ్బ తగిలితే అక్కడ పట్టీ లేదు, ఖాళీ లేదు. బాయిలో ముప్పు పైనుంచే ఎక్కువ కాబట్టి దాన్ని అలా చేశారు. ఏ పనికి ఏ దెబ్బ వస్తుందో చూసి దానికి తగ్గట్టు చేసిన వస్తువే హెల్మెట్. బైకుదానికీ కారుదానికీ తేడా కూడా అక్కడే ఉంది.

1935లో ఇంగ్లండులో టి.ఇ. లారెన్స్ అనే ప్రసిద్ధుడు మోటారుసైకిల్ మీద నుంచి పడి తల పగిలి చనిపోయాడు. ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆ తర్వాత ఆయన సైనిక మోటారుసైకిల్ వార్తాహరుల గాయాలను పరిశీలించి 1941లో ఫలితాలు ప్రకటించాడు. అదే ఏడు బ్రిటిష్ సైన్యం విధుల్లో ఉన్న మోటారుసైకిల్ సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఆనాటి టోపీల్లో నొక్కుకునే పొర లేదు. దెబ్బ శక్తిని మింగే పొరతో హెల్మెట్ చేయడానికి అమెరికాలో చార్లెస్ లంబార్డ్, హెర్మన్ రోత్‌లకు పేటెంటు వచ్చింది 1953లో.

ఇంతకీ ఆ పొర ఏమిటి? థర్మోకోల్. గణపతి మండపాల్లో అలంకరణకు వాడి, 2018లో మహారాష్ట్రలో నిషేధానికి గురైన అదే థర్మోకోల్, ఇంకాస్త చిక్కగా పోసింది. శాస్త్రీయంగా ఈపీఎస్ అంటారు. నేను రెండు పాత హెల్మెట్లు తెచ్చి మేనల్లుడి ముందే హాక్సా బ్లేడుతో నిలువునా కోశాను. మొదటిదాంట్లో పొర మందం దాదాపు 4 సెంటీమీటర్లు. కోసిన చోట గింజలు కనిపిస్తాయి, సగ్గుబియ్యం ఒకదానికొకటి అతుక్కున్నట్టు. బొటనవేలి గోటితో గట్టిగా నొక్కితే గుంట పడుతుంది, తిరిగి పైకి రాదు. చిక్కగా పోసినా అందులో 95 శాతం వరకూ గాలే. సన్నటి గోడల గదుల్లో ఆ గాలి బంధించి ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ గదులు వరుసగా కూలతాయి. కూలినంత సేపూ అది ఇచ్చే ప్రతిఘటన ఇంచుమించు ఒకేలా ఉంటుంది. దీని గొప్పతనమంతా అందులోనే ఉంది. స్ప్రింగ్ అయితే మొదట మెత్తగా ఉండి చివర్లో మొరాయిస్తుంది, పైగా తలను వెనక్కి తన్నుతుంది. థర్మోకోల్ మింగిన శక్తిని తిరిగి ఇవ్వదు.

రెండోది మన బజారులో రోడ్డు పక్కన కొన్నది. ఐఎస్ఐ గుర్తు అంటించి ఉంది, దాని కింద లైసెన్సు అంకె మాత్రం లేదు. కోస్తే పొర సెంటీమీటరు మందం, చెవుల పైన అసలు లేదు, స్పాంజి అతికించారు. లెక్క వేయండి: సెంటీమీటరు థర్మోకోల్ మూడింట రెండు వంతులు నొక్కుకుని ఆగిపోతుంది, అంటే 6.5 మిల్లీమీటర్లు. 3 మీటర్లను దానితో భాగిస్తే 460 జీ. ఇలాంటివి అమ్మేవాళ్లను తలచుకుంటే నాకు కడుపు మండుతుంది. మన దేశంలో బైకు హెల్మెట్‌కు ఐఎస్ 4151 ప్రమాణం ఉంది, 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేనివి అమ్మకూడదు. గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే అంకె ఉండాలి. ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలుస్తుంది.

పట్టా పట్టేవాళ్లు ఇంకో సంగతి చెబుతారు. మరీ బిగించి పట్టుకుంటే కాయ గట్టిగా తగిలి ఎగిరి పడుతుంది. మరీ వదులుగా పట్టుకుంటే పట్టాతో సహా నేలకు తాకుతుంది. థర్మోకోల్ చిక్కదనం కూడా ఇంతే. చిక్కగా పోస్తే చిన్న దెబ్బకు నొక్కుకోదు. పలుచగా పోస్తే పెద్ద దెబ్బకు అడుగంటుతుంది, అక్కడితో జీ ఒక్కసారిగా ఆకాశానికి లేస్తుంది. అందుకే మంచి హెల్మెట్లలో ఒక్కోచోట ఒక్కో చిక్కదనం పోస్తారు.

"గంటకు 28 కిలోమీటర్లకేనా పరీక్ష? నేను 130 మీద పోతాను కదా మామా" అన్నాడు. మంచి ప్రశ్న. కారు వేగం వేరు, తల వెళ్లి దేనికో తగిలే వేగం వేరు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దడం దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి పడడంతో సమానం. కారు ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగితే లోపలి గది మీద పడేది సుమారు 16 జీ. అది మొదటి పట్టా. సీటు బెల్టు సాగడం రెండో పట్టా. ఇవి రెండూ పనిచేశాక కూడా తల పక్క స్తంభానికో పైకప్పుకో తగిలితే, మిగిలిన వేగాన్ని మింగే మూడో పట్టా హెల్మెట్. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలవుతుంది కాబట్టి మొదటి రెండు పట్టాలూ లేకుండా మూడోది ఎవర్నీ కాపాడలేదు.

ఇక బైకు హెల్మెట్ ఎందుకు చాలదో. అమెరికాలో పీట్ స్నెల్ అనే రేసు డ్రైవరు 1956లో హెల్మెట్ కాపాడలేక తల పగిలి చనిపోతే, మిత్రులు 1957లో ఆయన పేరిట ఒక పరీక్షా సంస్థ పెట్టారు. స్నెల్ వాళ్లు బైకులకు ఎం అని, కార్లకు ఎస్ఏ అని వేర్వేరు ముద్రలు ఇస్తారు: ఎస్ఏ 2015, ఎస్ఏ 2020 ఇలా. చీటీ లోపలి లైనింగ్ కింద అతికించి ఉంటుంది. కారు హెల్మెట్‌కు మంట పరీక్ష ఉంది, బైకుదానికి లేదు. బైకువాడు మంట నుంచి దూరంగా విసిరేయబడతాడు, కారువాడు బెల్టుతో కట్టేసుకుని పెట్రోలు దగ్గరే కూర్చుని ఉంటాడు. మామూలు లైనింగ్‌లోని పాలిస్టరు 250 డిగ్రీలు దాటాక కరిగి చర్మానికి అంటుకుంటుంది. నోమెక్స్ వంటి దారం కరగదు, మాడుతుంది. 2020 నవంబరులో బహ్రెయిన్‌లో ఫార్ములా వన్ డ్రైవరు రొమాన్ గ్రోజాన్ అలాంటి దుస్తుల్లోనే దాదాపు 28 సెకన్లు మంటల్లో ఉండి బయటికి వచ్చాడు.

ఇంకొకటి, రేసు కారు పొర్లితే తల లోపలి చట్రంలోని ఒకే ఇనుప గొట్టానికి ఒకే చోట మళ్లీ మళ్లీ తగులుతుంది. ఒకసారి కూలిన గదులు రెండోసారి లేవు. ఎస్ఏ పరీక్షలో ఆ గొట్టం దెబ్బలు విడిగా వేస్తారు.

హెల్మెట్ పక్కల ఉండే రెండు మరల రంధ్రాలు మెడకట్టు కోసం. 5 కిలోల తలకు ఒకటిన్నర కిలోల హెల్మెట్ తోడైతే, 50 జీ దగ్గర మెడ మీద పడే లాగుడు 325 కిలోల బరువంత. ఛాతీ బెల్టుకు ఆగిపోతుంది, తల ఆగదు, పుర్రె అడుగు ఎముక విరుగుతుంది. 2001లో అమెరికా రేసు డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ అలాగే పోయాడు. దానికి విరుగుడైన హాన్స్ అనే మెడకట్టును రాబర్ట్ హబ్బర్డ్ అనే జీవయాంత్రిక శాస్త్రవేత్త, ఆయన బావమరిది, రేసు డ్రైవరు జిమ్ డౌనింగ్ అప్పటికే చేసి పెట్టారు. 2003 నుంచి ఫార్ములా వన్‌లో అది తప్పనిసరి. కానీ అది రెండు భుజాల మీదుగా పోయే బెల్టుతోనే పనిచేస్తుంది. మావాడి కారులో ఉన్నది మామూలు మూడు చోట్ల బెల్టు. పైకప్పు కింద ఇనుప చట్రం లేకుండా భుజాల బెల్టు మాత్రం వేయించుకోవద్దని గట్టిగా చెప్పాను. కారు తలకిందులై కప్పు కూలితే పక్కకు ఒరగడానికి కూడా వీలుండదు. ఇప్పటికి మంచి హెల్మెట్, మామూలు బెల్టు, తగ్గిన వేగం. తేలికైనది దొరికితే మెడకు అంత మేలు.

మెడ సంగతి అలా ఉంచితే, తల గిర్రున తిరిగే దెబ్బ ఇంకో రకం. తోడుకున్న పెరుగు కుండను తిన్నగా జరిపితే పెరుగు చెదరదు. చటుక్కున మెలితిప్పితే గోడ దగ్గర విడిపోయి నీరు ఊరుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రవేత్త 1943లో జెలటిన్‌తో మెదడు నమూనాలు చేసి ఇదే చూపించాడు. కొత్త యూరప్ ప్రమాణం 22.06లో ఏటవాలు దెబ్బ పరీక్ష చేర్చారు, కానీ అది బైకులకు.

మేం మాట్లాడుతుంటే పక్కింటి అవ్వ "తలరాత ఎలా ఉంటే అలా అవుతుంది బిడ్డా" అంది. పుర్రె మీద కనిపించే వంకర గీతలే బ్రహ్మ రాత అని మన పెద్దలు నమ్మారు. అవి పుర్రె ఎముకలు కలిసే అతుకులు, పుట్టిన బిడ్డ తల పెరగడానికి వదిలిన సందులు. ఆ అతుకుల అందం చూపిస్తే ఏ పిల్లవాడికైనా నోరు తెరుచుకుంటుంది. కారు అద్దానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకుంటానన్నాడు మావాడు. ట్రాక్ మీదికి పోయేముందు విప్పేయమన్నాను. గుద్దినప్పుడు కారులో కట్టీ కట్టని వస్తువు ఏదైనా రాయిలా ఎగురుతుంది.

కొలత దగ్గర నేను మొండిగా ఉన్నాను. దర్జీ టేపుతో కనుబొమల పైన అంగుళం ఎత్తున చుట్టూ కొలిచాం, 58 సెంటీమీటర్లు వచ్చింది. పెట్టుకున్నాక హెల్మెట్‌ను పక్కకు తిప్పితే బుగ్గలు, నుదుటి చర్మం దానితోపాటు కదలాలి. పట్టీ బిగించి వెనుక అంచును పైకి లాగితే ముందుకు ఊడి రాకూడదు. 1976లో ఫార్ములా వన్ డ్రైవరు నికీ లౌడా ప్రమాదంలో హెల్మెట్ ఊడిపోబట్టే ముఖం అంతగా కాలింది. పట్టా పట్టుకున్నవాళ్లు పక్కకు చూస్తుంటే పట్టా ఎంత మంచిదైతే ఏం లాభం?

ఒక పెద్ద దెబ్బ తిన్నాక పైకి బాగానే కనిపించినా హెల్మెట్ పని అయిపోయినట్టే. బల్ల మీద నుంచి ఖాళీగా జారిపడితే మాత్రం సాధారణంగా భయం లేదు, లోపల 5 కిలోల తల లేదు కాబట్టి పొర నొక్కుకోదు. పెట్రోలు గుడ్డతో ఎన్నడూ తుడవకూడదు. చిన్న థర్మోకోల్ ముక్కను పెట్రోలులో వేసి చూపించాను, చూస్తుండగానే బుడగలు వదిలి జిగురుగా కుంగిపోయింది. ఇక్కడి చంద్రపూర్ ఎండల్లో మూసిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. పాలిస్టిరీన్ మెత్తబడేది 100 డిగ్రీల దగ్గర కాబట్టి ఒక్క మధ్యాహ్నానికి పాడవదు, కానీ గమ్ములూ బుగ్గ మెత్తలూ ఏళ్లకేళ్లు అలా తట్టుకోలేవు. స్నెల్ వాళ్లు 5 ఏళ్లకు మార్చమంటారు.

వెళ్లిన పది రోజులకు ఫోటో పంపాడు. లైనింగ్ ఎత్తి తీసిన చీటీ, దాని మీద ఎస్ఏ 2020. "నుదురు నొక్కుతోంది మామా, పావుగంట పెట్టుకుంటే ఎర్రగా మచ్చ పడుతోంది" అన్నాడు. ఒకేచోట మచ్చ పడితే కొలత తప్పు కాదు, తల ఆకారం నప్పలేదు; వీడిది ముందు వెనకలకు కోలతల. దుకాణంవాళ్లు తిరిగి తీసుకున్నారట. ఇప్పుడు కోలగా ఉండే ఇంకో తయారీ చూస్తున్నాడు.