బయోటెక్నాలజీ డిగ్రీలో చేరిన పిల్లలకు

ప్రియమైన పిల్లలకు, ఆశీస్సులు.

మీలో ఒక అమ్మాయి మొన్న ఇలా అడిగింది: "తాతయ్యా, బీఎస్సీ బయోటెక్నాలజీలో చేరాను. థియరీలో మార్కులు బాగానే వచ్చాయి. ప్రాక్టికల్‌లో మాత్రం మా బ్యాచ్ ప్లేటు మీద ఒక్క కాలనీ (బ్యాక్టీరియా పెరిగి కనబడే చుక్క) కూడా రాలేదు. పక్క బ్యాచ్ వాళ్ల అంకెలు చూసి రికార్డులో వేసుకున్నాం. ఇలా చదివితే చాలా?"

చాలదమ్మా. ఆ మాట నీకే తోచినందుకు సంతోషం. కణం, జన్యువు, ఎంజైము, ఇమ్యూనిటీ, ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి, మీ లెక్చరర్లు చెబుతారు. ఈ ఉత్తరంలో నేను చేతిపని గురించి, లెక్క గురించి రాస్తాను. ఈ డిగ్రీలో తరచూ చేజారేవి ఆ రెండే.

ముందు మీ ఇంట్లో రాత్రిపూట పాలు తోడుపెట్టేవాళ్లను గమనించండి. పాలు బాగా కాస్తారు, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగుతారు, చెంచాడు తోడు వేసి కలుపుతారు, మూతపెట్టి ఓ మూలన ఉంచుతారు. మీ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో జరిగేది ఇదే. పాలు మీ మీడియం. కాయడం స్టెరిలైజేషన్. గోరువెచ్చన ఇంక్యుబేషన్ ఉష్ణోగ్రత. తోడు ఇనాక్యులమ్. మూత మీ దూదిబిరడా. పాలు వేడిగా ఉండగానే తోడు వేస్తే బ్యాక్టీరియా చచ్చిపోయి పెరుగు తోడుకోదు. మరీ చల్లారాక వేస్తే తెల్లారినా పాలుపాలుగానే ఉంటుంది. చలికాలంలో గిన్నెకు గుడ్డ చుట్టి బియ్యం డబ్బాలో పెడతారే, అది ఆ ఇంటి ఇంక్యుబేటర్.

ఇంకా ఉంది. తోడు వేసిన మొదటి గంటల్లో గిన్నెలో ఏ మార్పూ కనబడదు. దాన్ని మీరు ల్యాగ్ ఫేజ్ అని చదువుకున్నారు. బ్యాక్టీరియా ఊరికే కూర్చోలేదు, కొత్తచోట బతకడానికి కావలసిన ఎంజైములు తయారుచేసుకుంటోంది. తర్వాత ఒకటి రెండై, రెండు నాలుగై చకచకా పెరుగుతుంది, అది లాగ్ ఫేజ్. పొద్దెక్కేదాకా బయట వదిలేస్తే పుల్లబడుతుంది. తాను చేసిన ఆమ్లమే తనకు అడ్డమై పెరుగుదల ఆగిపోతుంది, అది స్టేషనరీ ఫేజ్. పెరుగు జిగటపడిందనుకోండి, అమ్మ ఆ తోడు పారేసి పక్కింటి నుంచి గిన్నెడు తెస్తుంది. మన దేశంలో ల్యాబులన్నిటికీ అలాంటి పక్కిల్లు చండీగఢ్‌లో ఉంది. ఎంటీసీసీ అనే ఆ సంస్థలో వేలకొద్దీ సూక్ష్మజీవుల శుద్ధమైన తోడు భద్రంగా దాచి ఉంటుంది. కావలసినవాళ్లు డబ్బు కట్టి తెప్పించుకుంటారు. ఒకచోట మాత్రం మన పోలిక పొసగదు. తోడుపెట్టిన గిన్నెను కదపకూడదంటారు. ఈ-కోలై అనే బ్యాక్టీరియా వేసిన ఫ్లాస్కును షేకర్ మీద నిమిషానికి 150 నుంచి 200 చుట్లు తిప్పుతారు, దానికి గాలి బాగా అందాలి కనుక. అయినా నేను పెరుగును వదలను. ల్యాబ్‌లో ఏదైనా చెడినప్పుడు, తోడుపెట్టేటప్పుడు ఏం చెడితే ఇలా అవుతుందని అడిగి చూడండి, సగం జవాబులు దొరుకుతాయి.

ఇక ఆ ఖాళీ ప్లేటు సంగతి. అనుమానించవలసినవి వరసగా చెబుతాను. నమూనాను ప్లేటు మీద పరిచే కడ్డీని, అంటే స్ప్రెడర్‌ను, స్పిరిట్‌లో ముంచి మంటలో కాల్చాక చల్లారనిచ్చారా? వేడిది అలాగే పెడితే దాని కిందపడ్డవన్నీ మాడిపోతాయి. నమూనాను కరిగిన అగార్‌లో (చల్లారితే గడ్డకట్టే జెల్లీ మీడియం) కలిపి పోసే పోర్ ప్లేట్ పద్ధతి అయితే అగార్‌ను 45 డిగ్రీల దగ్గరకు చల్లార్చాకే కలిపారా? గ్లాసు పట్టుకుంటే చెయ్యి కాలుతోందంటే ఇంకా సమయం కాలేదు. మరీ ఆలస్యం చేస్తే 40 దాటి దిగేసరికి గడ్డలు కడుతుంది. నమూనాను మరీ పలచన చేశారేమో? తక్కువ పలచన చేసిన గొట్టాల ప్లేట్లు కూడా ఖాళీయేనా? ఇవన్నీ సరిగ్గా ఉంటే తోడే చచ్చింది, కల్చర్ పాతబడింది.

దీనికి తిరగబడ్డ కష్టం ఇంకోటుంది. ప్లేటంతా అడ్డదిడ్డంగా బూజు. ఆవిరి ఒత్తిడితో స్టెరిలైజ్ చేసే ఆటోక్లేవ్ 121 డిగ్రీల దగ్గర, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడిలో, 15 నిమిషాలు నడవాలని అందరికీ కంఠతా వచ్చు. ఆ 15 నిమిషాలు స్విచ్ వేసిన దగ్గర్నుంచి లెక్క కాదు, ఒత్తిడి చేరిన దగ్గర్నుంచి లెక్క. ముందుగా లోపలి గాలంతా ఆవిరితో బయటకు పోనివ్వాలి. గాలి చిక్కుకుంటే ముల్లు 15 చూపిస్తున్నా లోపల వేడి 121కి చేరదు, బీజాలు బతికిపోతాయి. ప్లేట్లను ఇంక్యుబేటర్‌లో బోర్లించి పెట్టండి. మూతకు పట్టిన నీటిబొట్లు అగార్ మీద పడితే కాలనీలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి లెక్కకు దొరకవు. నమూనా వేయని ఖాళీ ప్లేటు ఒకటి ప్రతిసారీ పక్కన ఉంచండి. దాని మీద కూడా మొలిచాయంటే మీ మీడియంలోనే దోషం, మిగతా అంకెలన్నీ నమ్మరానివి.

కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపిపెట్ పట్టడం మీద ఒక రోజంతా పెట్టినా దండగ కాదు. బొటనవేలితో నొక్కితే మొదట ఒకచోట ఆగుతుంది, ఇంకా నొక్కితే రెండోచోట ఆగుతుంది. పీల్చేముందు మొదటి ఆగు దాకానే నొక్కాలి. టిప్పు కొన రెండు మూడు మిల్లీమీటర్లు ముంచి, వేలు మెల్లగా వదలాలి, ఒక క్షణం ఉంచి తియ్యాలి. వదిలేటప్పుడు గొట్టం గోడకు ఆనించి రెండో ఆగు దాకా నొక్కాలి. కొత్తవాళ్లు పీల్చేటప్పుడే రెండోదాకా నొక్కేస్తారు, 100 మైక్రోలీటర్లు కావలసినచోట ఎక్కువ వస్తుంది. వేలు ఠక్కున వదిలితే గాలిబుడగ వచ్చి తక్కువవుతుంది. టిప్పులో ద్రవం ఉండగా పిపెట్‌ను బల్ల మీద పడుకోబెడితే లోపలి గొట్టంలోకి పోయి పాడవుతుంది. మీ చెయ్యి కుదిరిందో లేదో తెలుసుకునే దారి చెబుతాను. సున్నితమైన త్రాసు మీద చిన్న గిన్నె పెట్టి 100 మైక్రోలీటర్ల నీళ్లు పదిసార్లు వేయండి, ప్రతిసారీ బరువు రాయండి. ఒక్కోటి 0.1 గ్రాముకు దగ్గరగా ఉండాలి. అంకెలు అటూ ఇటూ చెదిరితే చెయ్యి ఇంకా కుదరలేదు. అన్నీ ఒకే తీరున ఎక్కువో తక్కువో అయితే పిపెట్‌నే సరిచేయించాలి.

ఇప్పుడు లెక్క. 1 మి.లీ. నమూనాను 9 మి.లీ. స్టెరైల్ సెలైన్‌లో కలిపితే పదోవంతు. అందులోంచి 1 మి.లీ. మళ్లీ 9 మి.లీ.లో కలిపితే వందోవంతు. ఇలా ఐదో గొట్టం లక్షోవంతు. ప్రతి గొట్టానికీ టిప్పు మార్చాలి, బాగా కలిపాకే తియ్యాలి. ఐదో గొట్టంలోంచి 0.1 మి.లీ. ప్లేటు మీద పరిచారు, మర్నాడు 84 కాలనీలు వచ్చాయి. అసలు నమూనా మి.లీ.కి ఎన్ని? 84ను లక్షతో హెచ్చిస్తే 84 లక్షలు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ప్లేటు మీద వేసింది మి.లీ.లో పదోవంతే కదా, ఇంకో పదితో హెచ్చించాలి. జవాబు 8 కోట్ల 40 లక్షలు. 30కీ 300కీ మధ్య కాలనీలున్న ప్లేటునే లెక్కకు తీసుకోండి. అంతకు తక్కువైతే ఒకటి రెండు కాలనీల తేడాకే జవాబు మారిపోతుంది, ఎక్కువైతే ఒకదానిపై ఒకటి పడి కనబడవు.

ద్రావణాల లెక్క కూడా ఇలాగే చెయ్యి తిరగాలి. పావులీటరు 0.5 మోలార్ ఉప్పునీళ్లు కావాలి. సోడియం క్లోరైడ్ అణుభారం 58.44, లీటరుకు అన్ని గ్రాములైతే ఒక మోలార్, కాబట్టి తూచవలసింది 7.3 గ్రాములు. దాన్ని 250 మి.లీ. నీళ్లలో వేయకూడదు. 200 మి.లీ.లో కరిగించి, తర్వాత 250 గీత దాకా నీళ్లు పోయాలి. డీఎన్‌ఏ జెల్‌కు వాడే టీఏఈ అనే బఫర్ ద్రావణం యాభై రెట్లు చిక్కటిది ఉంటే, దాని నుంచి అరలీటరు పలచటి టీఏఈ కావాలంటే 10 మి.లీ.కి 490 మి.లీ. నీళ్లు. కరెంటుతో డీఎన్‌ఏను నడిపి చూసే జెల్ పోసేటప్పుడు 40 మి.లీ. టీఏఈకి 0.4 గ్రాముల అగరోజ్, అంటే ఒక శాతం. పొరపాటున టీఏఈకి బదులు నీళ్లతో పోస్తే డీఎన్‌ఏ సరిగ్గా నడవదు. డీఎన్‌ఏకు రుణావేశం ఉంటుంది కనుక డీఎన్‌ఏ వేసే గుంటలు రుణధ్రువమైన నల్లతీగ వైపు ఉండాలి. తీగలు తారుమారైతే మీ డీఎన్‌ఏ కాసేపట్లో వెనక్కి నడిచి బఫర్‌లో కలిసిపోతుంది. డీఎన్‌ఏ కనబడడానికి ఎథిడియం బ్రోమైడ్ అనే రంగు వాడే ల్యాబ్ అయితే చేతితొడుగులు లేకుండా జెల్‌ను ముట్టుకోకండి, అది జన్యువులను మార్చగలదు.

బైపీసీ నుంచి వచ్చినవాళ్లు లెక్కలకు నమస్కారం పెట్టేశాం అనుకుంటారు. పెట్టకండి. ఘాతాంకాలు, లాగరిథమ్, సరళరేఖ గ్రాఫు, సగటు, విచలనం, ఈ ఐదూ గట్టిగా రావాలి. ఎమ్మెస్సీకి రాసే జామ్ ప్రవేశపరీక్ష బయోటెక్నాలజీ పేపర్లో గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ కూడా అడుగుతారు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే ఎమ్మెస్సీ కోర్సులకు గాట్-బి అనే ప్రవేశపరీక్ష ఉంది. ఒట్టి బీఎస్సీతో దొరికేవి ఎక్కువగా క్వాలిటీ కంట్రోల్, ప్రొడక్షన్ ఉద్యోగాలు. పరిశోధన వైపు పోవాలంటే సాధారణంగా ఎమ్మెస్సీ చేయాలి. ఇది ముందే తెలుసుకుని చేరడం మంచిది.

ఇంకా కాలేజీ ఎంచుకోని పిల్లలు ఉంటే, ఫీజు అడిగేముందు రెండో ఏడాది విద్యార్థిని పక్కకు పిలిచి ఒక్క మాట అడగండి: "ప్లేట్లు మీరే పోస్తారా, పోసి ఉన్నవి ఇస్తారా?" ఆటోక్లేవ్ నడుస్తోందో లేదో, బ్యాచ్‌కు ఎన్ని పిపెట్లో చూడండి. గోడ మీది ర్యాంకుల బోర్డు తర్వాత చూడొచ్చు.

మా తరం చదివేనాటికి ఈ పేరుతో డిగ్రీ లేదు, బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ అంతే. కేంద్రంలో బయోటెక్నాలజీ విభాగం ఏర్పడిందే 1986లో. 1997లో మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు హెపటైటిస్-బి టీకాను ఈస్ట్ చేత చేయించి దేశానికి ఇచ్చారు. టీకా తయారయ్యే పెద్ద పాత్రలోనూ పని చిన్న ఫ్లాస్కుతోనే మొదలవుతుంది. చిన్న ఫ్లాస్కులో పెరిగింది పెద్ద ఫ్లాస్కుకు తోడు, అందులో పెరిగింది ఫర్మెంటర్ అనే ఆ పెద్ద పాత్రకు తోడు. ఒక్క కణం నుంచి ఒక పసివాడి కాలేయాన్ని కాపాడే ప్రోటీన్ దాకా ఈ వరస సాగడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఎలా అని పూర్తిగా రాయాలంటే మరో ఉత్తరం కావాలి.

రికార్డులో మాత్రం పక్కవాళ్ల అంకెలు వేసుకోకండి. తేదీ, మీడియం తయారైన రోజు, కల్చర్ వయసు, ఉష్ణోగ్రత, ఏమీ రాలేదన్న మాట, అనుమానించిన కారణం, అన్నీ రాయండి. మార్కు ఒకటి తగ్గితే తగ్గుతుంది.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక పని చేయండి. కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు నాలుగు గ్లాసుల్లో 100 మి.లీ. చొప్పున పోయండి. మొదటిదాంట్లో చెంచాడు తోడు వేసి కలపండి. ఒక చెంచా తోడును తొమ్మిది చెంచాల కాచి చల్లార్చిన పాలలో కలిపి, అందులోంచి ఒక చెంచా రెండో గ్లాసులో వేయండి. ఆ పలచటిదాన్నే మళ్లీ ఒకటికి తొమ్మిది కలిపి, చెంచాడు మూడోదాంట్లో వేయండి. నాలుగోది ఊరికే ఉంచండి. చెంచాను ప్రతిసారీ మరిగే నీళ్లలో ముంచి, చల్లారాక వాడండి. అన్నీ ఒకేచోట మూతపెట్టి, మూడు గంటల తర్వాత అరగంటకోసారి మెల్లగా వంచి చూసి, తోడుకున్న సమయం రాయండి. మొదటిదాంట్లో తోడుతోపాటు పులుపు కూడా ఎక్కువ పడుతుంది కనుక రెండోదానికీ మూడోదానికీ ఉన్న తేడానే పట్టించుకోండి. పదిరెట్లంటే సుమారు 3.3 సార్లు రెట్టింపు కావడం. ఆ తేడాను నిమిషాల్లో రాసి 3.3తో భాగిస్తే మీ ఇంటి తోడు ఎన్ని నిమిషాలకు రెట్టింపవుతోందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 150 నిమిషాలు వచ్చిందనుకోండి, ముప్పావుగంటకోసారి. మైక్రోస్కోపు అక్కర్లేదు. నాలుగో గ్లాసు ఏమైందో కూడా చూసి పారబోయండి, తాగకండి. అంకెలు నాకు రాసి పంపండి, తోడుకోకపోయినా సరే.

ఇట్లు,
మీ తాతయ్య