పొగరు అనేసే ముందు

పిల్లలూ,

మొన్న ఫోన్లో మీరు వరసబెట్టి చెప్పిన ఫిర్యాదులన్నీ విన్నాను. క్లాసులో ఒకడికి పొగరు, ఇంకొకడికి ఒళ్లు బద్ధకం, చెప్పు కొరికిన కుక్కకి తను చేసింది తప్పని తెలుసు కాబట్టే తల దించుకుంది, కంప్యూటరేమో కావాలనే సరిగ్గా పరీక్ష ముందురోజు మొరాయించింది. ఎవరేం చేశారో మీలో ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు, దాని అర్థమేమిటో మాత్రం అందరూ చెప్పేశారు. ఈ రెండూ వేరు. పెద్దవాళ్లు కూడా రోజూ వీటిని కలిపేసే మాట్లాడతారు కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టను గానీ, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు కుక్క సంగతి. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. యజమాని కుక్కకి తినొద్దని చెప్పి బయటికి వెళతాడు. అతను లేనప్పుడు అది తిన్నదో లేదో అతనికి కొన్నిసార్లు నిజం చెప్పారు, కొన్నిసార్లు అబద్ధం చెప్పారు. తిన్నదనుకుంటే వచ్చి కోప్పడతాడు కదా. చూస్తే ఏం తేలిందీ, చూపు తిప్పుకుని, చెవులు వెనక్కి పెట్టి ఒదిగిపోయే ఆ దొంగ మొహం తప్పు చేసినందుకు రావడం లేదు, తిట్లు పడినందుకు వస్తోంది. ఏ పాపం ఎరగకుండా తిట్లు తిన్న కుక్కలే ఆ మొహం ఎక్కువగా పెట్టాయి. అంతమాత్రాన కుక్కకి లోపల ఏ బాధా ఉండదని కాదు, ఆ మొహం తప్పు ఒప్పుకున్నదానికి సాక్ష్యం కాదు, అంతే.

ఇంతకంటే నాకు ఇష్టమైన కథ ఇంకోటుంది, బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రానిది. నూరేళ్ల పైమాట. దాని యజమాని రిటైరైన లెక్కల మాస్టారు, పేరు వాన్ ఓస్టెన్. లెక్క అడిగితే గుర్రం కాలి గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది, జనం విరగబడి చూసేవారు. 1904లో ఒక కమిటీ వేసి పరీక్షించారు, మోసమేమీ లేదన్నారు. నిజంగానే లేదు! యజమాని పక్కన లేకపోయినా, వేరేవాళ్లు అడిగినా అది జవాబు చెప్పేది. తర్వాత ఆస్కార్ ఫంగ్‌స్ట్ అనే అతను ఓపిగ్గా కూర్చుని ఒక్కొక్కటీ మార్చి చూశాడు. అడిగేవాడికే జవాబు తెలియకపోతే గుర్రం తప్పేది. అడిగేవాడు కనపడకపోయినా తప్పేది. గుర్రం తడుతున్నంతసేపూ అడిగినవాడు కొంచెం ముందుకు వంగి బిగబట్టుకుని చూస్తుంటాడు, సరైన అంకె రాగానే తనకే తెలియకుండా తల రవ్వంత పైకెత్తుతాడు, గుర్రం అది చూసి ఆపేస్తుంది. ఇంకా తమాషా ఏంటంటే, ఈ గుట్టు తెలిశాక కూడా ఫంగ్‌స్ట్ తన తల కదలికను పూర్తిగా ఆపుకోలేకపోయాడు.

అప్పటినుంచీ చాలామంది హాన్స్‌ని ఏమీ రాని గుర్రమనేస్తారు. నాకది నచ్చదు. కమిటీ పెద్దలకు కూడా కనపడని కదలికను పట్టుకున్న గుర్రం తెలివితక్కువదెలా అవుతుంది? దానికి లెక్కలు రావు, మనుషుల్ని చదవడం వచ్చు. గుర్రం ఒక్కదాన్నే ఎంతసేపు పరీక్షించినా ఆ సంగతి దొరికేది కాదు, ఎందుకంటే అది గుర్రం లోపల లేదు, గుర్రానికీ ఎదుటి మనిషికీ మధ్య ఉంది. ప్రవర్తన గురించి నేను చెప్పదలుచుకున్నది దాదాపు ఇదే.

జంతువుల ప్రవర్తన గురించి 'ఎందుకు' అని నాలుగు రకాలుగా ఎలా అడగాలో నికో టిన్‌బెర్గెన్ అనే శాస్త్రవేత్త 1963లో రాశాడు, తర్వాత 1973లో మరో ఇద్దరితో కలిపి ఆయనకు నోబెల్ వచ్చింది. వసంతంలో ఒక మగపక్షి ఎందుకు పాడుతోందంటే, పగళ్లు పొడుగై ఒంట్లో హార్మోన్లు పెరిగాయి కాబట్టి అనొచ్చు. జత కోసం, తన చోటులోకి వేరే మగపక్షి రాకుండా ఉండటం కోసం అనొచ్చు. పిల్లగా ఉన్నప్పుడు పెద్దపక్షుల పాట విని నేర్చుకుంది కాబట్టి అనొచ్చు. దాని పూర్వీకులకు పాట ఎలా అబ్బిందో చెప్పొచ్చు. నాలుగూ నిజమే, ఒకటి ఒప్పయితే ఇంకోటి తప్పవదు. మనం సాధారణంగా మొదట దొరికిన జవాబుతో ఆగిపోయి పోట్లాడుకుంటాం.

మనుషుల దగ్గరికొస్తే ఇంకా తొందరపడతాం. 1973లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు పరిశోధకులు, మతబోధన చదువుకునే కొందరు విద్యార్థుల్ని ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి పంపించారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉంటాడు. టైముందని చెప్పి పంపినవాళ్లలో నూటికి 63 మంది ఏదో ఒక సాయం చేశారు, బాగా ఆలస్యమైందని తరిమినవాళ్లలో 10 మందే. వాళ్లలో కొందరు వెళుతున్నది దారినపోయేవాడికి సాయం చేసిన మంచివాడి కథ గురించి మాట్లాడటానికే! ఆగనివాళ్లంతా రాతిగుండెవాళ్లా? టెన్షన్‌లో ఉన్నవాళ్లు, అంతే. మనం ఆలస్యంగా వస్తే బస్సు లేటు, వాడు వస్తే బద్ధకం. ఈ రోగానికి మనస్తత్వ శాస్త్రంలో పెద్ద పేరే ఉంది, పేరు తెలిసినంత మాత్రాన తగ్గే రోగం కాదనుకోండి. కారణం తెలిస్తే చేసినదంతా క్షమించెయ్యాలనీ నేననను. కొట్టినవాడు కొట్టినట్టే, కానీ ఎందుకు కొట్టాడో తెలిస్తేనే రేపు ఎలా ఆపాలో తెలుస్తుంది.

ఇక ఎవరూ ఏమీ అనుకోకుండానే జరిగే పనులున్నాయి. జపాన్ పరిశోధకులు 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి దారి మీద 22 కార్లు పెట్టి, గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో తిరగమన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డొచ్చినవాడు లేడు. కాసేపటికి ట్రాఫిక్ జామ్ పుట్టింది! ఒకడు రవ్వంత నెమ్మదిస్తే వెనకవాడు ఇంకొంచెం నెమ్మదిస్తాడు, ఆ వెనకవాడు ఏకంగా ఆగిపోతాడు. కార్లు ముందుకు పోతుంటే జామ్ వెనక్కి నడుస్తుంది, ఒక కారు అందులోంచి బయటపడితే ఇంకోటి వచ్చి చేరుతుంది. దోషి ఎవరని వెతికితే 22 మందీ మంచి డ్రైవర్లే. 2000 జూన్‌లో లండన్‌లో కొత్తగా తెరిచిన మిలీనియం వంతెనదీ ఇలాంటి కథే. అది కొంచెం పక్కకు ఊగింది, జనం పడిపోకుండా ఆ ఊపుకి తగ్గట్టు అడుగులు వేశారు, ఆ అడుగులకి ఊపు పెరిగింది. రెండు రోజులకే మూసేసి, ఊపును అణిచే పరికరాలు బిగించి 2002లో మళ్లీ తెరిచారు. సిస్టమ్ పాడైపోయిందని పెద్దవాళ్లు తిట్టుకునే చాలా చోట్ల దొంగ ఎవడూ ఉండడు, ఒకరి అడుగు చూసి ఇంకొకరు వేసే అడుగులుంటాయి. (ఉండేచోట ఉంటాడు, అది వేరే ఉత్తరం.) కంప్యూటర్ మాట కూడా చెప్పాలి కదా. అది మామూలు రోజుల్లో ఆగిపోయినప్పుడు మీరు గుర్తుపెట్టుకోలేదు, అంతకుమించి దానికి మీ మీద పగేమీ లేదు.

ఈ ఆదివారం మీకో పని. చీమల బారు కనపడితే వాటికి దెబ్బ తగలకుండా, అవి నడిచే దారిని ఒకచోట వేలితో అడ్డంగా తుడవండి. వెనకొచ్చే చీమలకు దారి చూపే వాసన అక్కడ చెరిగిపోతుంది. మొదటి చీమ ఏం చేసింది, ఎన్ని వెనక్కి తిరిగాయి, మళ్లీ బారు కట్టడానికి ఎంతసేపు పట్టింది, అన్నీ రాయండి. "భయపడ్డాయి", "దారి మర్చిపోయాయి" లాంటి మాటలు వస్తే వాటిని వేరే కాగితం మీద రాసి, రెండు కాగితాలూ నాకు పంపండి.

ఉంటాను,
మీ తాతయ్య